ముప్పై చారల తర్వాత

మా నేత సంఘం వాళ్ళు పుస్తకం వేస్తూ, నా బతుకు గురించి నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ఈ కొండ మీద మగ్గం ఎక్కిన మొదటి ఆడదాన్ని నేనేననీ, నా చేతి మీదుగా మూడు వందల పన్నెండు కంబళ్ళు దిగాయనీ, పోటీలో మూడుసార్లు మొదటి బహుమతి నాదేననీ, అయిదో తరగతిలో మా బడికంతటికీ నాదే మంచి దస్తూరీ అనీ, అన్నీ వివరంగా రాశాను. సంఘం కార్యదర్శి కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, "బాగుంది పెద్దమ్మా. కానీ కదురత్త ఇందులో ఎక్కడా లేదేంటి?" అన్నాడు.

ఇంటికొచ్చి మళ్ళీ చదువుకున్నాను. నిజమే. "వడికిన దారం" అని రెండు చోట్ల ఉంది. వడికింది ఎవరో లేదు. అందుకని కాగితాలు మళ్ళీ ముందేసుకున్నాను. నా సంగతులు మధ్యమధ్యలో దూరితే చదివేవాళ్ళు సర్దుకోవాలి. దూరకుండా రాయడం నాకు చేతకాదు.

కదురత్త అని ఊరు పిలిచేది మా ఆయన అక్కగారిని. నాకు వదిన. పదహారో ఏట కొండల మధ్య కనుమ దాటి అవతలి పల్లెకు కాపురానికి వెళ్ళింది. మూడేళ్ళకు భర్త పోతే, చేతిలో కదురుతో, చంకలో ఒక మూటతో తమ్ముడింటికి తిరిగొచ్చింది. ఆ మరుసటేడు నేను ఆ ఇంటి కోడలిగా వచ్చాను. అప్పటినించి యాభై రెండేళ్ళు ఒకే గదిలో పనిచేశాం.

గది పెద్దదేం కాదు. కిటికీ కింద గుంట, గుంటలో మగ్గం. ఎడమ గోడకు ఆనుకుని వదిన చోటు. యాభై ఏళ్ళు ఆమె వీపు ఆనిన మేర గోడ నున్నబడి, మట్టి అద్దంలా మెరిసేది. పక్కన మూడు బుట్టలు: తెల్ల ఉన్ని, నల్ల ఉన్ని, గోధుమ రంగు ఉన్ని. మేం రంగులద్దం. గొర్రె ఏ రంగు ఇస్తే అదే మా రంగు. నీళ్ళకు వెళ్ళినా, కట్టెలకు వెళ్ళినా ఆమె చేతిలో కదురు తిరుగుతూనే ఉండేది. "వదినా, నిద్రలో కూడా వడుకుతావా?" అని నేనంటే, "నిద్రలో నువ్వు పెట్టే గురక ఉందే, దాన్నే ఏకులు చేసి వడుకుతున్నా" అనేది.

మా ఇంటాయన మంచి నేతగాడు. ఉన్ని దూగర ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు పట్టుకుంది. మగ్గం దిగకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. మర్నాడు గుంటలోకి నేను దిగాను. అరుగు మీది మగవాళ్ళు ఊరుకోలేదు. "ఆడది గుంటలో కూచుని కాళ్ళాడించడమేంటి?" అన్నారు. వదిన గడప దగ్గర నిలబడి, కదురు ఆపకుండానే, "ఆవిడ కాళ్ళాడిస్తే మీ కాళ్ళేమన్నా పడిపోతాయా? పోయి పని చూసుకోండి" అంది. ఈ మాట నా నాలుగు పేజీల్లో ఉంది. కానీ అన్నది నేనే అన్నట్టు రాశాను. ఇప్పుడు దిద్దుతున్నాను.

మా పాట కంబళి సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. దాన్ని ఒక్కరు నేయలేరు. ఒకరు పాడాలి, ఒకరు నేయాలి. పాట మందతల్లిది. మంచు కురుస్తుండగా మందను తోలుకుని ఒంటరిగా కనుమ దాటిన ఒక ఆడమనిషి కథ.

కనుమ మీద మంచు కురిసె, కాళ్ళ కింద దారి మునిగె,
ముందు నడిచె గంటపొట్టేలు, వెనక నడిచె మందతల్లి,
ఇంకెంత దూరమే మందా, ఇంకొంత దూరమే.

పాటలో పంక్తికి నాలుగుసార్లు, దారం కండె పెట్టిన నాడెను అటూ ఇటూ విసరాలి. చరణం అయ్యేసరికి ఒక చార పూర్తవుతుంది. "ఇంకెంత దూరమే" దగ్గర దారం మార్చాలి. చావున్న చరణం నల్లచార, సంతోషం ఉన్నది తెల్లచార, నడకంతా గోధుమ చార. ఏ చరణానికి ఏ రంగో పాడే మనిషే తేలుస్తుంది, కండె చుట్టి అందిస్తుంది. నేసేదాని పని నాడె విసరడం, పలకతో పోగును బిగించి కొట్టడం, కాళ్ళాడించడం. నేను నోరు కలిపితే నా చెయ్యి ఆగిపోయేది. నాకు పాట మాటలుగా రాదు, దరువుగా వస్తుంది.

ముప్పయ్యో చరణంలో మందతల్లి కనుమ దిగి ఒక ఇంటి తలుపు తడుతుంది. ఆ ఇల్లు కంబళి ఎవరికోసమో వాళ్ళది. అక్కణ్ణించి మిగిలిన పదకొండు చరణాలూ ఆ ఇంటి కథే. అందుకే ఏ రెండు పాట కంబళ్ళూ ఒకలా ఉండవు. కంబళి కావలసినవాళ్ళు ముందొచ్చి వదిన పక్కన కూచునేవారు. ఆమె వడుకుతూ ఉండేది, వాళ్ళు చెబుతూ ఉండేవారు. కట్టుకున్నవాళ్ళకు కూడా చెప్పనివి ఆమెకు చెప్పేవారు. ఆమె "ఊఁ" అనేది, అంతే. మగ్గం ముప్పయ్యో చార దాటేసరికి అదంతా పాటయ్యేది. ముందుగా పాడమంటే పాడేది కాదు. "ఇంకా తలుపు దగ్గరికి రాలేదుగా, తొందరేంటి?" అనేది.

"వదినా, నాకు అక్షరాలు వచ్చు కదా, రాసి పెట్టుకుంటాను" అని నేను చాలాసార్లు అన్నాను. "రాస్తే చదవాలి. చదవాలంటే కాగితం చూడాలి. నువ్వు కాగితం చూస్తుంటే నాడెను నీ మొగుడు చూస్తాడా?" అనేది. 

ఒకసారి పట్నం నించి రేడియో ఆయన టేపు పట్టుకుని వచ్చాడు, పాట కోసం. నేను ఆయన వస్తున్నాడని ముందురోజే కంబళిని మగ్గం నించి కోసి, దులిపి, గోడకు వేలాడదీశాను. నా నేత కళ్ళనిండా చూడాలని. మగ్గం ఖాళీ. పడుగు లేని మగ్గం పలక కొడితే ఒట్టి చెక్క చప్పుడు. వదిన రెండు చరణాలు పాడింది, మూడో దాంట్లో ఆగిపోయింది. "దరువు లేదయ్యా, నోటికి అందట్లేదు" అంది. ఆయన పాపం మంచివాడు. "పోనీలెండమ్మా, మీ గురించి చెప్పండి" అన్నాడు. ఆ తర్వాత అరగంట టేపు తిరిగింది. బాగా జరిగిందని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఆయన పంపిన టేపు నా ట్రంకుపెట్టెలో బహుమతుల పక్కన దాచాను.

మా ఆయన పోయారు. మా అమ్మాయికి పెళ్ళై దిగువ వీధిలో ఉంటోంది. నా కళ్ళు మందగించాయి. ఇంక కంబళ్ళు చాలనుకుంటున్న రోజుల్లో వదిన ఒక పొద్దున ఏకులు దువ్వుతూ అడిగింది.

"మరదలా, ఒకటి అడుగుతా, కాదనవుగా?"

"కాదనేదైతే అడక్కు."

"నాకో పాట కంబళి నేసిపెట్టు."

నేను నవ్వాననుకుంటా. "నీకెందుకే? ఇంట్లో అన్ని కంబళ్ళు పెట్టుకుని?"

"అన్నీ ఎవరెవరి కథలో. చలి పుడితే ఎవరిదో కథ కప్పుకుంటున్నా. పోయేలోగా నాదొకటి కప్పుకుందామని."

యాభై ఏళ్ళలో ఆమె నన్నడిగింది అదొక్కటే. ఉన్ని ఆమే ఏరింది. పడుగు ఇద్దరం కలిసి పోశాం. అప్పటికామెకు డెబ్బై దాటాయి. గొంతులో జీర వచ్చింది కానీ దరువు చెక్కుచెదరలేదు. తలుపు తట్టాక ఏం పాడబోతున్నావని అడిగితే, "విందువుగానిలే. నువ్వు నోరు మూసుకుని వినే పదకొండు చరణాలు నాకూ కావాలి" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

పదిహేడో చరణం దగ్గర తప్పు జరిగింది. అందులో మంద మంచుపెళ్ళ కింద పడుతుంది, అది నల్లచార. వదిన ఆ చరణం పాడింది. మర్నాడు కూచోగానే మళ్ళీ అదే పాడింది. నల్ల కండె అందించింది. నేనేమో దరువు విని నాడె విసిరేదాన్ని, మాట విననుగా. నేసేశాను. సాయంత్రం వేలితో లెక్కపెడితే నల్లచార రెండుసార్లు వచ్చింది.

మంచిదాన్నయితే ఊరుకునేదాన్ని. రెండు నల్లచారలుంటే కొంప మునగదు. కానీ మూడు వందల పన్నెండు కంబళ్ళలో ఒక్క తప్పు పోని చెయ్యి నాది. ఒళ్ళు మండింది. "ఏం వదినా, మత్తుగానీ తిన్నావా? నా నేతలో ఇన్నేళ్ళలో ఎవరూ వేలెత్తి చూపించలేదు. పరువు తీశావ్" అన్నాను. ఆమె చార వైపు చూసి, నా వైపు చూసి, "నేను పాడానా? రెండుసార్లా?" అంది. మర్నాటినించి ఆ చార ఊడదీయడం మొదలుపెట్టాను. ఉన్ని నేత ఊడదీయడం నేయడం కన్నా కష్టం, పోగు పోగుకూ అంటుకుని ఉంటుంది. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమె పక్కనే కూచుంది, పాడలేదు, నేను పాడమనలేదు. వడికిన దారాన్నే విప్పి మళ్ళీ వడికింది. అది చూసైనా నాకు తట్టి ఉండాల్సింది.

తర్వాత పాట నడిచింది కానీ ఊతకర్రతో నడిచినట్టే. ఒక చరణం వస్తే మూడు రోజులు ఆగేది. కదురును చేత్తో పట్టుకుని, "నా కదురేదే?" అని వెతికేది. మా ఆయన పేరెత్తి, "వాడింకా రాలేదేం, చలిలో" అనేది. డాక్టరు ఆమెను ఏవేవో అడిగి, నన్ను బయటికి పిలిచి, "వయసమ్మా. మతిమరుపు జబ్బు. తగ్గేది కాదు. ఉన్నన్నాళ్ళు మంచిగా చూసుకోండి" అన్నాడు. జబ్బుకు పేరు చెప్పాడు గానీ మందు చెప్పలేదు. నేను మాటలతో ఎదిరించి గెలవలేకపోయిన మనిషి అతనొక్కడే.

ఎలాగో ముప్పయ్యో చరణం దాకా వచ్చాం. ఆ ముప్పైలో చివరి నాలుగు చరణాలు మా అమ్మాయి ఆమె ముందు కూచుని, పాత పంక్తులు అందిస్తూ, లాగి లాగి పాడించింది. మందతల్లి కనుమ దిగింది. తలుపు తట్టింది. "ఇంకొంత దూరమే" అన్నాను నేనే. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"పాడు అత్తా. నీ ఇల్లే. తలుపు తీయి" అంది మా అమ్మాయి.

"ఎవరి ఇల్లే అమ్మా?"

"నీదే అత్తా."

"నాకిల్లెక్కడిదే? ఇది మా తమ్ముడిదిగా" అంది వదిన, చాలా మామూలుగా, వేళాకోళం ఆడుతున్నామేమో అన్నట్టు.

ఇక అక్కడే ఆగిపోయింది. రోజూ పొద్దున మగ్గంలో కూచునేదాన్ని. పలక కొట్టేదాన్ని, దరువు వింటే పాట వస్తుందేమోనని. ఆమె తల ఊపేది. వచ్చేది కాదు.

అప్పుడు టేపు గుర్తొచ్చింది. అరగంట టేపు. ఆయన ఆమె గురించే కదా అడిగాడు. ఏమైనా చెప్పి ఉంటుంది, ఒక్క ముక్క దొరికినా ఒక చారవుతుంది. రేడియోలు బాగుచేసే అతని కొట్టుకు మా అమ్మాయీ నేనూ వెళ్ళాం. బల్ల నిండా విప్పిన సామాన్లు, తీగలు. వాటి మధ్య జాగా చేసి టేపు పెట్టాడు. ఖాళీ పలక చప్పుడు వినబడింది. వదిన రెండు చరణాలు. ఆగిపోవడం. తర్వాత రేడియో ఆయన గొంతు: "పోనీలెండమ్మా, మీ గురించి చెప్పండి. మీరెక్కడివారు, ఎలా గడిచింది?"

వదిన గొంతు: "నేనా?"

వెంటనే నా గొంతు: "ఆవిడకు అంతగా మాటలు రావండి. నేను చెబుతాను, రాసుకోండి. ఈ కొండ మీద మగ్గం ఎక్కిన మొదటి..."

తర్వాత అరగంటా నేనే.

మా అమ్మాయి తలొంచుకుంది. కొట్టతను మర్యాదకు, "పెద్దమ్మ గొంతు అప్పట్లో గంటలా ఉండేదండీ" అన్నాడు. ఇంకోసారి వేయమన్నాను. నా మాటల వెనక ఏమన్నా వినబడుతుందేమోనని చెవి ఆనించి విన్నాను. వెనక కదురు తిరుగుతున్న చప్పుడు మాత్రం ఉంది, చివరిదాకా.

ఊరుకుందామన్నా చేతులు ఊరుకోవు. నేనే ఆలోచించాను. యాభై రెండేళ్ళు పక్కన కూచున్నదాన్ని. ఆమె కథ నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పదకొండు చారల రంగులు నేనే తేలుద్దామని కాగితం మీద రాసుకున్నాను. మొదటిది, భర్త పోవడం. దానికి ఆలోచించేదేముంది, నలుపు. కండె చుట్టి, పన్నెండుసార్లు నాడె విసిరి, పలక గట్టిగా కొట్టాను. చేయి తిరిగిన పనితనం, వంక పెట్టేందుకు లేదు.

వదిన మెల్లగా లేచొచ్చి మగ్గం మీదికి వంగింది.

"ఇది ఎవరిదే?"

"నీదే వదినా. నీ ఆయన పోయినప్పటిది."

ఆ చార మీద వేలు పెట్టింది. తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు పాత వదినది, అరుగు మీది మగవాళ్ళను తరిమిన వదినది. పెదవి ఒక పక్కకు వంచి నవ్వింది.

"అది నలుపని నీకెవరే చెప్పారు?"

పలక వదిలేశాను. "మరి తెలుపా వదినా? చెప్పు. ఏం జరిగింది అక్కడ? కొట్టేవాడా? నువ్వేమైనా... చెప్పు వదినా, నేనేం అనుకోను."

"ఏది?" అంది.

"నీ ఆయన..."

"ఎవరి ఆయన?" అంది. ఆ నవ్వు ఇంకా పెదవి మీదే ఉంది, కళ్ళలోంచి అప్పుడే వెళ్ళిపోయింది.

భుజాలు పట్టుకుని కుదిపాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆమె బెదిరిపోయి, "ఏమ్మా, నేనేం తీయలేదు" అంది, పరాయి మనిషితో అన్నట్టు.

ఆ చారా ఊడదీశాను. ఈసారి పరువు కోసం కాదు. కాగితం ముక్కలు చేశాను. ఆమె మూడేళ్ళ కాపురం నలుపో తెలుపో నాకు తెలియదు. యాభై రెండేళ్ళు నా పక్కన కూచోవడం ఆమెకు ఏ రంగో అది అసలే తెలియదు. ఎన్నడూ అడగలేదు. ఆమెను అడిగినవాళ్ళకు కూడా జవాబు నేనే చెప్పాను.

చలి ముదిరింది. వదిన పగలు కూడా వణికేది. ఎవరిదో కంబళి కప్పితే తోసేసేది, "నాది కాదు" అని. మతి పోయినా ఆ మాట మటుకు మిగిలింది. మా అమ్మాయి అంది, "అమ్మా, చారలు లేకపోతేనేం, మామూలుగా నేసెయ్యి. అత్తకు కావలసింది వెచ్చదనం." నేను ఒప్పుకోలేదు. వారం రోజులు ఒప్పుకోలేదు. తర్వాత మూడు బుట్టల్లో ఉన్న ఉన్నినీ, నలుపూ తెలుపూ గోధుమా, కలిపి దువ్వాను. నేనే వడికాను. నేను వడికితే దారం ఒక చోట సన్నం, ఒక చోట లావు. ఆ దారంతో పదకొండు చారల మేర ఒక్క గీతా లేకుండా నేశాను. దరువు లేక పలక ఎప్పుడు కొట్టాలో తెలిసేది కాదు. నేత వదులుగా వచ్చింది. మూడు వందల పదమూడోది. పోటీకి పంపితే గడప కూడా దాటనివ్వరు.

కోసి, కిటికీ దగ్గర ఎండలో కూచున్న ఆమె మీద కప్పాను. తోసేయలేదు. అంచు పట్టుకుని, వేళ్ళతో మొదటి చార తడిమింది. "ఇంకెంత దూరమే" అంది లోగొంతుకతో. రెండో చార. "ఇంకెంత దూరమే." మాటలు లేవు, చరణాలు లేవు, ఆ ఒక్క ముక్కే, చారకొకసారి. నేను లెక్కపెడుతున్నాను. పదిహేడు. ఇరవై రెండు. ముప్పై. వేళ్ళు సాదా నేత మీదికి వెళ్ళాయి. అటూ ఇటూ వెతికాయి. దారం మారే గట్టు కోసం వెతికినట్టు. ఆగిపోయాయి.

"తర్వాతేంటే?" అంది.

"నువ్వే చెప్పాలి వదినా."

"నేనా?" అంది.

టేపులో ఉన్న మాటే. అదే గొంతు, కొంచెం అరిగింది. ఈసారి నేను నోరు మెదపలేదు. కిటికీలోంచి పడిన ఎండ కంబళి మీద ముప్పయ్యో చార నించి సాదా నేత మీదికి జరిగేదాకా అలాగే కూచున్నాను. ఆమె నా మొహంలోకి చూస్తోంది, జవాబు నా దగ్గర ఉన్నట్టు. ఇన్నేళ్ళూ ఉండేది కదా మరి.

కాసేపటికి ఆమె వేళ్ళు మెల్లగా వెనక్కి వెళ్ళి, మొదటి చారను వెతుక్కున్నాయి.